కుర్చీ వెనక కాళ్లు

కార్పెట్లు ఇంకా దుకాణంలోనే ఉన్నాయి. వాటి నీడలు మాత్రం ముందే ఇంట్లోకొచ్చి పడుకున్నాయి.

పాత దినపత్రికలు అంచుకు అంచు అతికించి హాలు మధ్యలో పరిచారు. రాబోయే కార్పెట్టు ఎంతుండాలో కాగితం అంత. కొనేముందు ఇలా కాగితం పరిచి, కొన్నాళ్లు దాని చుట్టూ తిరిగి చూసుకుంటే గానీ గదికి సరైన సైజు తేలదని మామగారు ఎక్కడో విన్నాడు. ఎక్కడ విన్నాడో చిన్నల్లుడికి తెలుసు. పెద్దల్లుడి దగ్గర. ఈ ఇంట్లోకి తెలివైన మాటేదైనా ఫోనులోంచే వస్తుంది.

చిన్నల్లుడు టేపు రెండో కొస పట్టుకుని గోడమూల గొంతుక్కూర్చున్నాడు. పట్టుకోవడం అతని పని. కొలత చదవడం మామగారి పని. పెళ్లయిన దగ్గర్నుంచీ అత్తవారింట్లోనే ఉంటున్నాడు గనక ఇలాంటి కొసలు చాలానే పట్టుకున్నాడు. నిచ్చెన కొస, బీరువా కొస, మంచం కొస.

“బిగించి పట్టవయ్యా. టేపు వేలాడుతోంది.”

“టేపు బాగానే ఉందండీ. గోడే కాస్త వెనక్కి తగ్గింది, మీరంటే భయమేమో.”

మామగారు ఆ మాట పట్టించుకోలేదు. గోడౌన్లో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. సరుకునైనా మనిషినైనా పొడుగూ వెడల్పూ చూసి, ఏ మూల పెడితే దారికి అడ్డం రాదో ఆలోచించడం ఆయనకు అలవాటు. ఇప్పుడు గదులే దొరికాయి.

“సోఫా ముందు కాళ్లు కార్పెట్టు మీదుండాలి. వెనక కాళ్లు నేల మీదుండాలి. గోడకీ కార్పెట్టుకీ మధ్య జానెడు నేల కనబడాలి. అదీ పద్ధతి” అన్నాడు లేచి నిలబడి, నడుం మీద చేయి వేసుకుని.

“పెద్దల్లుడు చెప్పాడు” అంది అత్తగారు, తెలియనివాళ్లెవరో గదిలో ఉన్నట్టు.

చిన్నల్లుడి భార్య నేలమీద మోకాళ్లమీద కూర్చుని కాగితాలు అతికిస్తోంది. ఆమె పుస్తకాల బైండింగు షాపులో పనిచేస్తుంది. జిగురు గిన్నె, బ్రష్షు, మడతలు నొక్కే నున్నటి చెక్కముక్క అక్కణ్ణుంచే తెచ్చుకుంది. ఆమె అతికిస్తే అతుకు ఎక్కడుందో వేలికి తగలదు. రేపో ఎల్లుండో చించి పారేసే కాగితానికి అంత పనితనం ఎందుకని అతను ఉదయం నుంచీ నవ్వుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రం పక్కింటి టీచరమ్మ వచ్చింది. గుమ్మం దాటి, కాగితం అంచుదాకా వచ్చి టక్కున ఆగి, చెప్పులు విప్పేసింది. ఆ తరవాత కూడా కాగితం తొక్కలేదు. గోడకు భుజం రాసుకుంటూ, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చుట్టూ తిరిగొచ్చి సోఫాలో కూర్చుంది.

“బాగుందండీ” అంది.

“రంగు ఇంకా అనుకోలేదు” అంది అత్తగారు సంబరంగా.

చిన్నల్లుడికి ఆగలేదు. లేచి, వీధిలోంచి వచ్చిన బూట్లతోనే కాగితం మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్లి, మంచినీళ్లు తాగి, మళ్లీ దాని మీదుగానే తిరిగొచ్చాడు. కాగితం కరకరలాడింది.

“తొక్కకు నాయనా! చిరుగుతుంది.”

“చిరిగితే చిరుగుతుంది అత్తగారూ. రేపు పొద్దున పేపరబ్బాయి ఇంకో కార్పెట్టు పడేసిపోతాడుగా.”

టీచరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అతనికి ఆమాత్రం చాలు. భార్య మాత్రం నవ్వలేదు. జిగురు గిన్నె పక్కన పెట్టి, ఆ బూటు ముద్ర మీద చెక్కముక్కతో మెల్లగా రుద్ది కాగితం సాపు చేసింది.

మర్నాడు భోజనాల బల్ల వంతు వచ్చింది.

ఇక్కడ లెక్క వేరు. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నప్పుడే కాదు, తిని లేవడానికి వెనక్కి జరిపినప్పుడు కూడా నాలుగు కాళ్లూ కార్పెట్టు మీదే ఉండాలి. లేకపోతే వెనక కాళ్లు అంచు దిగి, తిరిగి ఎక్కేటప్పుడు తట్టుకుంటాయి. మామగారు అందరినీ కూర్చోబెట్టాడు. తినేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా కూర్చోమన్నాడు. తరవాత లేవమన్నాడు. లేచినచోట ఒక్కో కుర్చీ వెనక్కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు.

“అన్నం లేకుండా చేతులు ఊరికే ఆడించాలాండీ, లేక నమలాలా?” అన్నాడు చిన్నల్లుడు.

“కూర్చోవయ్యా బాబూ. నీకన్నీ నవ్వులాటే.”

గీతలన్నీ కలిపి చూస్తే చిక్కొకటి తేలింది. దుకాణంలో దొరికే సైజుల్లో చిన్నది తీసుకుంటే ఒక వైపు కుర్చీ వెనక్కాళ్లు బయటికొస్తాయి. దాని పై సైజు తీసుకుంటే అంచు వంటింటి తలుపు కిందికి పోతుంది. తలుపు తెరుచుకోదు. మామగారు బల్ల చుట్టూ నడిచాడు. మళ్లీ నడిచాడు. బల్లను ఎటు జరిపినా ఒక కుర్చీకి నేలే మిగులుతుంది.

“నా వైపు తగ్గించండి. నేనెలాగూ సగం తిండి నిలబడే తింటాను” అంది అత్తగారు.

“నువ్వు పదిసార్లు లేచి కూర్చునేదానివి. తట్టుకుని పడితే?”

ఆయన చూపు పెద్దల్లుడి కుర్చీ మీదికి పోయింది. ఏడాది పొడుగునా ఖాళీగా ఉండే కుర్చీ. దాని వీపు మీద రోజూ తువ్వాలు ఆరేస్తారు. ఆయన దాని గీతకు ఇంకో జానెడు కలిపి, కొత్త గీత గీశాడు.

“అతను వచ్చేది ఎప్పుడో ఒకసారి. వచ్చినప్పుడు ఇరుకనిపించకూడదు.”

తరవాత చిన్నల్లుడి కుర్చీ దగ్గరికి వచ్చాడు. దాని గీత అరచేత్తో చెరిపేశాడు. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్యలో కొత్త గీత గీశాడు.

“నీ కుర్చీ వెనక కాళ్లు నేల మీదుంటాయి. ఏం కాదులే. సోఫాకి లేదూ?”

చిన్నల్లుడు గీతను చూశాడు. మామగారి అరచేతికి అంటిన సుద్దను చూశాడు.

“అంటే నన్ను కుర్చీలోంచి సోఫాలోకి మార్చారన్నమాట. ప్రమోషనే!” అన్నాడు.

మామగారు హమ్మయ్య అన్నట్టు నవ్వాడు. అత్తగారూ నవ్వింది.

కాగితానికి మందం ఉండదు గనక, సరిగ్గా తెలియాలంటే ఇలా కాదని అత్తగారు పాత దుప్పట్లు మడతపెట్టి గీతలదాకా పరిచింది. ఆ పూట అందరూ దాని మీదే తిన్నారు. చిన్నల్లుడి కుర్చీ ముందు కాళ్లు దుప్పటి మీద, వెనక కాళ్లు నేల మీద. ముద్ద కోసం ముందుకు వంగితే కుర్చీ తనతో పాటు వచ్చేది. నోట్లో పెట్టుకోగానే వెనక్కి వాలేది. అతను దాన్నే ఆట చేశాడు. వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, మీసం లేని పెదవి మీద మీసం మెలేస్తూ, “ఎవరక్కడ! కూర తెండి!” అన్నాడు. మామగారికి పొలమారింది. అత్తగారు ఆయన నెత్తి మీద తడుతూ తనూ నవ్వు ఆపుకోలేకపోయింది.

భార్య కంచంలో చేయి పెట్టుకుని, బల్ల కింద అతని కుర్చీ వెనక కాళ్ల వంక చూస్తూ కూర్చుంది. తినడం అయిపోయిందో లేదో తెలియకుండానే లేచి కంచం తీసేసింది.

కుట్టుమిషన్లు బాగుచేసే షాపులో అతనికి చేతినిండా పని ఉంది. ఆ పనిలో మాటకు అడ్డమేమీ లేదు. ఒక మిషను పడుకోబెట్టి, బట్టను ముందుకు నెట్టే పళ్ల మధ్య ఇరుక్కున్న దూదిని చిన్న బ్రష్షుతో తీస్తూ, జరిగిందంతా ఓనరుకు అభినయించి చూపించాడు. టీచరమ్మ కుచ్చిళ్లు ఎత్తడం, మామగారు సుద్దముక్కతో వంగడం, గీత చెరిపి గీత గీయడం. ఓనరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

“ఆయన అలా చెరిపేస్తుంటే నువ్వేమన్నావయ్యా?”

“ప్రమోషన్ అన్నాను.”

ఓనరు ఇంకోసారి నవ్వబోయాడు. సగంలో ఆగాడు.

“మరి ఆ ఇంట్లో ఎందుకుంటున్నావు?”

“టిక్కెట్టు లేని సినిమా అండీ. రోజూ కొత్త ఆట.”

ఓనరు కళ్లజోడు పెట్టుకుని, చేతిలో ఉన్న బాబిన్‌కి దారం చుట్టుకోవడంలో పడ్డాడు. చిన్నల్లుడు దూది ఉండను ఊది పారేసి, పళ్లకు నూనె చుక్క వేసి, చక్రం తిప్పి చూశాడు. మిషను బాగానే తిరుగుతోంది. అయినా ఇంకోసారి తిప్పాడు.

ఇంటికొచ్చేసరికి పడకగదులు కూడా పరిచేశారు. బూట్లు విప్పకుండా ఒక్కో గుమ్మంలోంచి తొంగి చూశాడు. మామగారి గదిలో కాగితం మంచం కింద నుంచి రెండు వైపులా బయటికొచ్చి ఉంది. పొద్దున లేచి కాలు దించితే ఎటు దించినా కార్పెట్టు మీదే పడాలి, పడకగదికి అదీ పద్ధతి. పెద్దల్లుడు వచ్చినప్పుడు పడుకునే గదిలోనూ అంతే. అక్కడ కాగితం ఇంకా ఉదారంగా పరుచుకుంది.

తమ గదిలో మంచం లేదు. విప్పి, గోడకు నిలబెట్టి ఉంది. కాగితం గది నట్టనడుమ ఉంది. నాలుగు గోడలకూ సరిగ్గా జానెడు దూరంలో. మంచం లెక్కలో లేకుండా కొలిచింది అది. మంచం గోడవారకు వేస్తే ఒక వైపు కాళ్లు అంచు దిగి నేల మీదికి పోతాయి. అలాంటి కాగితం హాల్లో చూశాడు. కుర్చీలు వేసుకుని కూర్చునే గదికి పరిచే కొలత.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. మామగారు గోడౌన్ మనిషి. సరుకు తీసేయాలనుకున్నాక, సరుకుతో చెప్పడు. ఆ చోటు కొలుచుకుంటాడు.

అతుకులు చూశాడు. వేలికి తగలనివి. భార్య పనే. తను పడుకునే మంచం తీసేసి, ఆ చోట తన చేతే కాగితం అతికించుకోమన్నారన్నమాట. బాగుంది. చాలా బాగుంది. పెద్దల్లుడికి ఓ గది చాలదు, కూర్చుని ఫోను మాట్లాడుకోవడానికి ఇంకోటి కావాలి.

భార్య మడతపెట్టిన బట్టలు చేతుల మీద వేసుకుని వచ్చింది.

“చూశావా?” అన్నాడు.

“నేనే అతికించాను.”

“దీనర్థమేంటో తెలుసా నీకు?”

“తెలుసు.”

“తెలిసీ అతికించావు! ఇంకో కోటు జిగురు కూడా వేయకపోయావా, ఊడకుండా ఉండేది.”

ఆమె బట్టలు బీరువాలో పెట్టలేదు. పెట్టెలో పెట్టింది. అతను అది చూశాడు గాని, నవ్వడంలో ఉన్నాడు.

“శనివారం కార్పెట్ల దుకాణానికి మీరు కూడా రండి” అంది, పెట్టె మూత వేస్తూ.

“రాకుండా ఉంటానా? కొస ఎవరు పట్టుకుంటారు?”

విప్పిన మంచం ఆమె ఒక్కతే మళ్లీ బిగించడం మొదలుపెట్టింది. అతను వెళ్లి రెండో వైపు పట్టుకున్నాడు. ఆ కాగితం మీదే మంచం వేసుకుని పడుకున్నారు.

శనివారందాకా అతను మాటలు కూర్చుకున్నాడు. షాపులో మిషన్లకు నూనె వేస్తూ కూర్చుకున్నాడు, దారిలో నడుస్తూ కూర్చుకున్నాడు. దుకాణంలో, నలుగురి మధ్య అనాలి. మామగారి మొహం పాలిపోవాలి. ఇంట్లో వాళ్లను చూస్తుంటే అతని అనుమానం ఇంకా గట్టిపడింది. అత్తగారి కళ్లు ఉబ్బి ఉన్నాయి. తప్పు చేసినవాళ్ల కళ్లు అలాగే ఉంటాయి అనుకున్నాడు. తినేటప్పుడు అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించింది. మేకకు ఆకులు మేపినట్టు, అనుకున్నాడు. మామగారు అతనికి ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఒకసారి ఏదో అనబోయి, గొంతు సవరించుకుని, వాకిట్లోకి వెళ్లిపోయాడు. అదంతా చిన్నల్లుడికి వినోదంగానే ఉంది.

దుకాణంలో చుట్టిన కార్పెట్లు గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి. కొత్త ఉన్ని వాసన గొంతులో పట్టుకుంటోంది. దుకాణంవాడు ఒక్కోటి దొర్లించి, కాలితో ఓ తోపు తోస్తే అది అలా పరుచుకుంటూ పోతోంది. మామగారికి కొలతలన్నీ నోటికే ఉన్నాయి. హాలుది చెప్పాడు. తన గదిది చెప్పాడు. పెద్దల్లుడి గదిది చెప్పాడు. గోడౌన్ గొంతుతో కాదు. మెల్లగా, ఎవరికో వినబడకూడదన్నట్టు.

“ఇంకో గది అన్నారు?” అన్నాడు దుకాణంవాడు.

“అదా.” మామగారు కూతురి వైపు తిరిగాడు. “అమ్మాయినడగండి.”

చిన్నల్లుడు ముందుకొచ్చాడు.

“నన్నడగండి, నేను చెబుతాను. మంచం లెక్కలో లేని సైజు. ఏం మామగారూ, మమ్మల్ని వెళ్లమని చెప్పడానికి నోరు లేకపోయిందా? ఇంత కాగితం, ఇంత జిగురు ఖర్చుపెట్టి చెప్పాలా? పైగా ఆ కాగితం మీ అమ్మాయి చేతే అతికించారు. మీ గోడౌన్లో సరుకుని కూడా ఇంతకంటే మర్యాదగా బయటికి పంపుంటారు.”

దుకాణంవాడు దొర్లిస్తున్న కార్పెట్టు కాలికింద ఆపి పట్టుకున్నాడు.

అనుకున్నట్టే మామగారి మొహం పాలిపోయింది. కాని అనుకున్నట్టు కాదు. ఆయన అల్లుడి వంక, కూతురి వంక మార్చి మార్చి చూశాడు.

“నువ్వు... ఇతనికి చెప్పలేదామ్మా?”

ఆమె తలూపింది, లేదని.

“నేను వెళ్లమన్నానా బాబూ?” అన్నాడాయన. ఆయన గొంతు అలా ఉంటుందని అల్లుడికి ఇన్నాళ్లూ తెలియదు. “అమ్మాయే వచ్చి చెప్పింది, వేరే ఇల్లు చూసుకున్నాం, మంచం తీసుకెళ్లిపోతాం, ఆ గది ఖాళీగానే కొలవండి అని. మీ అత్త మూడు పూటలు అన్నం ముట్టలేదు. నీతో మాట్లాడదామంటే, నువ్వు ఏదన్నా అంటే నేను తట్టుకోలేననిపించింది.” ఆగి, చేతిలో ఏమీ లేకపోయినా సుద్ద దులుపుకున్నట్టు అరచేతులు రుద్దుకున్నాడు. “భోజనాల బల్ల కిందికి చిన్నదే ఇవ్వు నాయనా” అన్నాడు దుకాణంవాడితో. “ఆ వైపు కుర్చీ తీసేస్తే అదే సరిపోతుంది.”

చిన్నల్లుడు కూర్చుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. అత్తగారు కార్పెట్ల చుట్టల వెనక్కి వెళ్లి నిలబడింది. అక్కణ్ణుంచి చెంగుతో ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

వీధిలో భార్య ముందు నడిచింది. అతను వెనక నడిచాడు. కొంత దూరం పోయాక ఆమె పక్కకు వచ్చాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నవ్వుతారుగా.”

“దీనికి ఎందుకు నవ్వుతాను?”

“దేనికి నవ్వలేదు మీరు?” ఆమె ఆగలేదు, నడుస్తూనే ఉంది. “మా నాన్నకి తెలివిలేదు. మా అమ్మకి నోరు లేదు. బావగారు వచ్చిపోయే మనిషి. వాళ్లంతా అంతే. కాదన్నానా? ఆ రోజు కుర్చీ వెనక కాళ్లు కిందికి దించేసి వంకరగా కూర్చోబెట్టారు మిమ్మల్ని. మీరు ఒక్కమాట అంటారని చూశాను. నా కూడు నా నోట్లోనే ఉండిపోయింది. మీరు మీసం మెలేశారు.”

అతను ఏదో అనడానికి నోరు తెరిచాడు. అలవాటుగా పెదవి చివర కదిలింది. దాన్ని చేత్తో తుడుచుకున్నాడు.

“ఇల్లెక్కడ?”

“మా షాపులో నాతో పనిచేసే ఆవిడ వాళ్ల మేడ మీద. ముందో గది, వెనకో గది. చిన్నవే.” చెంగు భుజం మీదికి లాక్కుని, “ముందు గదికి ఒక కార్పెట్టు కావాలి. ఎంతది సరిపోతుందో నాకు తెలియదు. మీరే చెప్పండి” అంది.

ఆదివారం మంచం, పెట్టెలు, మడత బల్ల, రెండు కుర్చీలు మేడ ఎక్కాయి. మంచం రెండో కొస మామగారు పట్టుకున్నాడు. మెట్ల మలుపులో నిలబడి ఆయాసపడి, పైదాకా వచ్చి, గదులు చూసి, “గాలి బాగా వస్తుంది” అని మాత్రం అన్నాడు. ఏదీ కొలవలేదు. వెళ్లేటప్పుడు టేపు కిటికీలో మర్చిపోయినట్టు వదిలేసి వెళ్లాడు.

మధ్యాహ్నం భార్య కింద కుళాయి దగ్గర నీళ్లు పట్టడానికి వెళ్లింది. అతను ముందు గదిలో ఒక్కడే ఉన్నాడు. సామాన్లు చుట్టి తెచ్చిన దినపత్రికలు విప్పి, మోకాళ్లమీద కూర్చుని, అంచుకు అంచు అతికించడం మొదలుపెట్టాడు. కుట్టుమిషన్లో వెంట్రుకవాసి తేడా పట్టుకునే చేతులు, కాగితం దగ్గర మొద్దుబారాయి. జిగురు ఎక్కువై అతుకులు ఉబ్బాయి. ఒక షీటు వంకర పోయింది. పీకితే చిరిగింది. ఇంకోటి అతికించాడు. చెక్కముక్కతో నొక్కాడు. ఆమె ఎలా నొక్కేదో గుర్తు తెచ్చుకుని మళ్లీ నొక్కాడు.

కాగితం పరిచి, దాని మీద బల్ల పెట్టి, తన కుర్చీ వేసుకున్నాడు. తినేటప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నాడు. వెనక్కి జరిపి లేచాడు. వంగి చూశాడు. వెనక కాళ్లు కాగితం మీదే ఉన్నాయి. ఆ తరవాత ఆమె కుర్చీలో కూర్చున్నాడు. లేవబోయి ఆగాడు. ఆమె ఎలా లేస్తుంది? కుర్చీ వెనక్కి జరుపుతుందా, పక్కకు తిరిగి లేస్తుందా? ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని తిన్నాడు. ఎంత ఆలోచించినా కళ్లముందుకు రాలేదు. తింటున్నంతసేపూ అతను మామగారినే చూస్తూ ఉండేవాడు, రేపు షాపులో చెప్పడానికేమన్నా దొరుకుతుందేమోనని.

ఎలా లేచినా సరిపోయేలా ఆ వైపు ఇంకో కాగితం అతికించాడు. దాని పక్కన ఇంకోటి. కాగితం గోడదాకా వచ్చేసింది. జానెడు నేల వదలలేదు. అది పద్ధతి కాదు. ఉండనీ అనుకున్నాడు.

జిగురింకా తడిగానే ఉంది. గుమ్మంలో చప్పుడైంది. ఆమె నిండు బిందె చంకనెత్తుకుని, మెట్లెక్కిన ఆయాసంతో, చెప్పులతోనే లోపలికి అడుగేసింది. పాదం కాగితం మీదికి దిగబోతోంది.

“తొక్కకు! చిరుగుతుంది!” అన్నాడు.

గది చిన్నది. ఆ మాట గోడలకు తగిలి మళ్లీ అతనికే వినబడింది. అచ్చం ఎవరిలా అన్నాడో అతనికి తెలిసింది. చెక్కముక్క చేతిలో పట్టుకుని, మోకాళ్లకు జిగురంటించుకుని, తలెత్తకుండా అలాగే కూర్చున్నాడు.

ఆమె లేపిన కాలు వెనక్కి తీసుకుంది. ఉబ్బిన అతుకుల్ని, వంకర షీటును, తన కుర్చీ వెనక గోడదాకా పరిచిన కాగితాన్ని చూసింది. బిందె దించకుండానే, ఒక్కో కాలూ విదిలించి చెప్పులు గుమ్మం బయట వదిలేసింది. బల్లకు అవతలి వైపు మిగిలిన సన్నటి నేల మీదుగా, గోడకు భుజం రాసుకుంటూ, నీళ్లు కాగితం మీద తొణక్కుండా బిందె అంచుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, చుట్టూ తిరిగి వెనక గదిలోకి వెళ్లింది.

నవ్వుతుందేమోనని అతను చెవులు రిక్కించి విన్నాడు. లోపల నీళ్లు ఒంపుతున్న చప్పుడొక్కటే వినిపించింది.